దిద్దడం: ఒక మాట, రెండు పనులు

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు ఈ సంచికలో చాలామందే ఉంటారు. నేను వృత్తికి ఇంజనీరును, చరిత్ర పుస్తకాలంటే ఇష్టం ఉన్నవాణ్ణి. అందుకని మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురైన ప్రశ్న ఒకటి తీసుకున్నాను. తెలుగు ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లు ఇంగ్లీషు రాయడం ఎలా నేర్చుకున్నారు? మాట్లాడటం వేరే సంగతి. అర్జీ, ఉత్తరం, రిపోర్టు, వ్యాసం, పుస్తకం, ఇలా కాగితం మీద నిలబడే ఇంగ్లీషు గురించే నేను అడుగుతున్నాను.

ఈ ప్రశ్న వేసుకోవడానికి మన మెట్టుగూడ మంచి చోటు. ఒక పక్క లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కాలంలో, 1893లో అది మొదలైంది. లాలాగూడ, మెట్టుగూడ ప్రాంతాల్లో ఇంగ్లీషే ఇంటిభాషగా ఉన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక, రోజంతా ఇంగ్లీషు ఫైళ్లు నడిపి సాయంత్రం ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడుకునే ఉద్యోగుల కుటుంబాలు పెరిగాయి. ఇంకో పక్క తార్నాక దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఇంగ్లీషును ఎలా బోధించాలో తేల్చడానికి 1958లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఆ పక్కనే ఎదిగింది. ఇంటి ఇంగ్లీషు, ఆఫీసు ఇంగ్లీషు, పరిశోధకుల ఇంగ్లీషు మూడూ సైకిలు మీద వెళ్లగలిగే దూరంలో ఉన్న పేట మనది.

తెలుగులో ‘దిద్దడం’ అనే మాట ఉంది. పలక మీద అయ్యవారు రాసిచ్చిన అక్షరం మీదే పిల్లవాడు బలపంతో మళ్లీ మళ్లీ రాస్తే అది దిద్దడం. వాడు సొంతంగా రాసినదాన్ని అయ్యవారు సరిచేస్తే అదీ దిద్దడమే. ఒకటి పెద్దల రాతను అనుసరించడం, రెండోది మన రాతను పెద్దలు సవరించడం. రెండు పనులకూ మన భాష ఒకే మాట పెట్టింది. రెండు వందల ఏళ్లుగా మనవాళ్లు ఇంగ్లీషు రాయడం నేర్చుకున్న తీరు చూస్తే, ఈ రెండూ కలిసి నడిచిన చోట చదువు నిలబడింది. ఒకటి తప్పిపోయిన చోట కుంటుపడింది. నేను చెప్పదలచుకున్న విషయం ఇదే.

మెకంజీ దగ్గర అన్నదమ్ములు

కాలిన్ మెకంజీ కంపెనీ సైన్యంలో ఇంజనీరు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు దేశాన్ని సర్వే చేసే పని అతనికి అప్పగించారు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఊరూరి చరిత్రలు, శాసనాలు, కైఫీయతులు సేకరించడం అతని వ్యసనం. అయితే అతనికి ఇక్కడి భాషలు రావు. ఆ సంగతి తానే రాసుకున్నాడు. కాబట్టి అతని పని మొత్తం ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి వంటి సహాయకుల మీద ఆధారపడింది.

వాళ్ల చేతిలో ఇంగ్లీషు పట్టా లేదు. పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం కూడా మద్రాసులో 1857 దాకా లేదు. వాళ్లకు ఉన్నది పని. ఒక కైఫీయతును ఇంగ్లీషులోకి తెచ్చి ఇస్తే దాన్ని చదివే మనిషికి దానితో అవసరం ఉంది. అర్థం కాని చోట అతను అడగక తప్పదు, వీళ్లు తిరిగి రాయక తప్పదు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయారు. తమ్ముడు రామస్వామి 1829లో కలకత్తాలో దక్కన్ కవుల జీవిత చరిత్రలను ఇంగ్లీషులో పుస్తకంగా అచ్చువేశారు. ఇంగ్లీషులో పుస్తకం రాసిన తొలితరం తెలుగువారిలో ఆయన ఒకరు.

ఈ కథకు చేదు ముగింపు ఉంది. మెకంజీ 1821లో చనిపోయాడు. ఆ సేకరణ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య కోరారు. 1830ల్లో ఆ విషయం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ముందుకు వచ్చింది. అప్పటి కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ వద్దన్నాడు. లక్ష్మయ్యే కాదు, ఏ స్వదేశీయుడూ అంతటి పనికి చాలడన్నది అతని అభిప్రాయం. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ పనే చేసిన మనిషికి వచ్చిన జవాబు అది. ఎక్కడ లోపం ఉందో, ఎలా సరిచేసుకోవాలో అందులో లేదు. దిద్దుబాటుకూ తీర్పుకూ ఉన్న తేడా అదే. దిద్దుబాటు తర్వాత మనిషి మళ్లీ కలం పడతాడు. తీర్పు తర్వాత కలం పెట్టేస్తాడు.

సుబ్బారావు నివేదిక

అదే కాలంలో కందుకూరు దగ్గర ఓగూరులో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావు (1784-1839) ఆఫీసుల్లో పనిచేస్తూ భాషలు పట్టుకుని, మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడిగా, దుబాసీగా 1815 నుంచి 1829 వరకు ఉన్నారు. ఆయన తన జీవిత కథను ఇంగ్లీషులో రాసి ఉంచారు. కొడుకు 1873లో దాన్ని అచ్చువేయించారు. ఒక తెలుగువారు ఇంగ్లీషులో రాసుకున్న ఆత్మకథల్లో తొలి రోజులది అది.

మనకు ఇక్కడ కావలసింది ఇంకో సంగతి. 1820లో ఆయన మద్రాసు స్కూల్ బుక్ సొసైటీలో సభ్యులై, బడుల్లో చదువు ఎలా సాగుతున్నదో ఒక నివేదిక ఇచ్చారు. పిల్లలు పద్యాలు వల్లె వేస్తున్నారు గాని అర్థం తెలియడం లేదన్నది ఆయన ఫిర్యాదు. సులభమైన భాషలో కథల పుస్తకాలు, వ్యాకరణాలు ఉండాలని ఆయన కోరిక. ఆయన మాట్లాడింది తెలుగు బడుల గురించి. రెండు వందల ఏళ్ల తర్వాత మన ఇంగ్లీషు మీడియం బడుల గురించి రాసినా ఆ వాక్యాలు పెద్దగా మార్చనక్కర్లేదు. అనుకరణలోంచి అర్థం జారిపోతే మిగిలేది కంఠస్థం.

ఇదే బాటలో ఎదురుగా వచ్చినవాడు సి.పి. బ్రౌను. 1817లో మద్రాసు వచ్చి, 1820లో కడప చేరి, తెలుగు నేర్చుకుని వేమన పద్యాలు అచ్చువేసి, 1850ల తొలి సంవత్సరాల్లో నిఘంటువులు తెచ్చాడు. అతనికి తెలుగు ఎలా వచ్చింది? సొంత డబ్బుతో పండితులను పెట్టుకున్నాడు. తాళపత్రాలకు ప్రతులు రాయించాడు, వాళ్లతో చదివించుకున్నాడు, అడిగి తెలుసుకున్నాడు. పరాయి భాష ఎవరికైనా ఆ దారిలోనే వస్తుంది. ఎదురుగా కూర్చుని ఇది ఇలా కాదు, ఇలా అని చెప్పే మనిషి కావాలి. బ్రౌను ఆ మనిషికి జీతం ఇచ్చుకోగలిగాడు. మన పిల్లల్లో చాలామందికి ఆ వసతి లేదు.

నీది ఏది అని అడిగినవాళ్లు

తప్పులు పోయాక మొదలయ్యే దిద్దుబాటు ఇంకొకటి ఉంది. ఇద్దరి కథల్లో అది కనిపిస్తుంది.

విజయనగరంలో గురజాడ అప్పారావు యువకుడిగా ఇంగ్లీషులో కవిత్వం రాసేవారు. 1883లో ‘సారంగధర’ అనే ఇంగ్లీషు కావ్యం ‘ఇండియన్ లీజర్ అవర్’ పత్రికలో వచ్చింది. కలకత్తాలో ‘రీస్ అండ్ రయ్యత్’ పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ దాన్ని చూసి మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే, ఎంత బాగా వచ్చినా ఇంగ్లీషు మనకు పరాయి భాష, నీ శక్తి పూర్తిగా బయటపడేది నీ భాషలోనే అని సలహా చెప్పారు. ఆ తర్వాత జరిగింది మనకు తెలుసు. ‘కన్యాశుల్కం’ వచ్చింది, ‘ముత్యాల సరాలు’ వచ్చాయి.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపుతారు. నాకు ఆసక్తిగా తోచేది దాని మిగతా సగం. గురజాడ ఇంగ్లీషును వదిలిపెట్టలేదు. 1897 నాటి ‘కన్యాశుల్కం’కు ముందుమాట ఇంగ్లీషులో రాశారు. 1909లో మార్చి రాసిన కూర్పుకు కూడా ముందుమాట ఇంగ్లీషులోనే ఉంది. 1914లో వాడుక భాష తరఫున మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం ఇంగ్లీషులో రాసిన గట్టి వాదన. కవిత్వం తెలుగుకు, వాదన ఇంగ్లీషుకు అని పని పంచుకున్నారు. ఒక మంచి పాఠకుడు చెప్పిన మాట ఆయన ఇంగ్లీషుకు దాని చోటు చూపించింది.

రెండో కథ మన జంటనగరాలది. సరోజిని 1879లో హైదరాబాదులో పుట్టారు. తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ నిజాం కళాశాలకు మూలపురుషుడు. ఇంగ్లీషు మాట్లాడనని మొండికేస్తే, తొమ్మిదేళ్ల పిల్లను తండ్రి ఒక రోజంతా గదిలో ఒంటరిగా ఉంచారని ఆమే రాసుకున్నారు. పన్నెండేళ్లకు మద్రాసు మెట్రిక్యులేషన్ పాసయ్యారు. 1895లో నిజాం ఇచ్చిన ఉపకార వేతనంతో ఇంగ్లండు వెళ్లారు. అప్పటికే ఆమె దగ్గర కట్టలకొద్దీ ఇంగ్లీషు పద్యాలు ఉన్నాయి. విమర్శకుడు ఎడ్మండ్ గాస్‌కు వాటిని చూపించారు.

తర్వాత కాలంలో, 1912లో ఆమె రెండో సంపుటానికి ముందుమాట రాస్తూ గాస్ ఆ సంగతి చెప్పాడు. ఆ పద్యాల్లో వ్యాకరణం సరిగా ఉంది, ఛందస్సు సరిగా ఉంది, తప్పుపట్టే భావమేదీ లేదు. ఉండవలసిన మనిషే అందులో లేదు. హైదరాబాదు పిల్ల ఇంగ్లండు పిట్టల గురించి, అక్కడి చర్చి గంటల గురించి, ఇంగ్లీషు కవులను అచ్చుగుద్దినట్టు రాస్తున్నది. వాటిని చెత్తబుట్టలో వేసి, మీ దేశపు పువ్వులు, పండ్లు, కొండలు, గుళ్లు, మనుషులు కనిపించేలా రాయమని అతను సలహా ఇచ్చాడు. ఆమె విన్నారు. 1905లో వచ్చిన ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’లో పల్లకి మోసేవాళ్లు, నేతగాళ్లు, పాములవాళ్లు వచ్చారు. నాంపల్లి స్టేషను రోడ్డులో ఆ పేరుతోనే ఉన్న ఆమె ఇల్లు మనలో చాలామంది చూసినదే. 1898లో తెలుగువారైన డాక్టర్ గోవిందరాజులు నాయుడితో ఆమె పెళ్లి జరిపించింది కందుకూరి వీరేశలింగం.

గాస్ మాట కటువైనదే. అందులో కొంత అధికారం కూడా ఉంది. ఇంగ్లీషు పాఠకుడికి తూర్పు దేశపు రంగులు కావాలన్న కోరిక కూడా దానిలో దాగి ఉందని తర్వాతి విమర్శకులు అన్నారు. అయినా అతను పూర్తిగా చదివాడు, ఏది లేదో చెప్పాడు, ఎటు వెళ్లాలో చూపించాడు. ప్రిన్సెప్ జవాబు పక్కన పెట్టి చూడండి, తేడా తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా గమనించాలి. అంతకుముందు ఏళ్ల తరబడి చేసిన అనుకరణ సరోజినికి వృథా కాలేదు. ఆ కవులను అచ్చుగుద్దినట్టు రాసి రాసి చేతికి వచ్చిన ఛందస్సు లేకపోతే, పల్లకి బోయీల నడక ఆ లయలో కుదిరేది కాదు. ముందు అక్షరం మీద అక్షరం దిద్దాలి. దిద్దుతూ అక్కడే ఉండిపోకూడదు.

పాత ఫైలు, టైపు మిషను

కవుల సంగతి అలా ఉంచితే, మన పేటలో ఇంగ్లీషు రాత వచ్చింది ఫైళ్ల దారిన. రైల్వే ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాకు ఎవరూ వ్యాకరణం చెప్పరు. ఇలాంటి విషయం మీద ఇదివరకు వెళ్లిన ఉత్తరం ఏదో పాత ఫైలులో చూడమంటారు. దాన్ని ముందు పెట్టుకుని కొత్త డ్రాఫ్టు రాసి పైకి పెడతాడు. ఓ.ఎస్. గారు రెండు వాక్యాలు కొట్టేసి ఒక వాక్యం రాస్తారు. ఆఫీసరు ఇంకో మాట మారుస్తారు. కాగితం తిరిగి కిందికి వస్తుంది, ఫెయిర్ కాపీ తయారవుతుంది. ఆ మార్పులు చూసిన గుమాస్తా తర్వాతి ఉత్తరంలో ఆ రెండు వాక్యాలు రాయడు. పాత ఫైలు చూడటం మొదటి రకం దిద్దడం, పైనుంచి సవరించి రావడం రెండో రకం. పదో తరగతి, ఇంటర్ చదివి ఉద్యోగంలో చేరినవాళ్లు పదేళ్లలో పట్టభద్రుల కంటే గట్టిగా ఇంగ్లీషు ఉత్తరం రాయగలగడానికి ఇదే కారణం. మన తరంలో ఎంతమంది నాన్నలు, మామయ్యలు అలా నేర్చుకున్నవాళ్లో మీకే తెలుసు.

టైపు ఇన్‌స్టిట్యూట్లు ఇంకో బడి. లోయర్, హయ్యర్ పరీక్షల కోసం రోజూ గంటసేపు అచ్చు ఇంగ్లీషును అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి. వేగం కోసం చేరినవాళ్లకు వ్యాపార ఉత్తరం ఎలా మొదలవుతుందో, ఎక్కడ పేరా మారుతుందో, కామా ఎక్కడ పడుతుందో చేతి వేళ్ల ద్వారా తెలిసేది. ఇంట్లో బల్ల మీద 1930ల్లో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం. అందులో నియమం, ఉదాహరణ, అభ్యాసం అన్నీ ఉన్నాయి. ఇంట్లో చదువుకునేవాడు రాసిన జవాబు చూసేవాడు మాత్రం పుస్తకంలో ఉండడు.

ఈ దారికి ఒక నష్టం ఉంది. పాత ఫైలులో ఉన్న జబ్బు కూడా కొత్త ఫైలులోకి దిగుతుంది. చేసినవాడి పేరు కనిపించకుండా రాసే ఇంగ్లీషు వాక్యం అలాగే తరాలు దాటింది. అక్కడితో ఆగక తెలుగులోకీ వచ్చింది. ‘పరిశీలించబడినది’, ‘తెలియజేయడమైనది’ అని మన సర్కారు కాగితాల్లో కనిపించే వాక్యాలు ఆ ఇంగ్లీషు ఫైలు పిల్లలే.

తార్నాక పక్కన లెక్క

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఇంగ్లీషు అక్కడ తప్పనిసరి భాషగా ఉండేది. దేశం మొత్తంలో పై చదువు దేశభాషలో చెప్పిన గొప్ప ప్రయోగం అది. 1948 తర్వాత అక్కడ కూడా ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. పదేళ్లకు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. అదే తర్వాత సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ అనే కేంద్ర విశ్వవిద్యాలయం అయింది.

ఆ సంస్థ తొలి రోజుల్లో చేసిన పనుల్లో ఒకటి ఇంజనీరుగా నన్ను ఆకట్టుకుంది. హెచ్.వి. జార్జ్ అనే ఆచార్యుడు అచ్చులో ఉన్న ఇంగ్లీషు తీసుకుని, అందులో ఏ క్రియారూపం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్క కట్టించాడు. ఆ నివేదిక 1963లో హైదరాబాదు నుంచే వెలువడింది. మామూలు వర్తమాన, భూతకాల రూపాలే ఎక్కువగా వస్తున్నాయని, తరగతి గదిలో మొదట్లోనే బాగా తోమే ‘ఐ యామ్ గోయింగ్’ లాంటి రూపాలు నిజమైన రాతలో చాలా తక్కువని ఆ లెక్కలో తేలింది.

ఇప్పుడు మన చుట్టూ వినిపించే ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ను దీని పక్కన పెట్టండి. అందులో కొంత మన భాషల ప్రభావం. కొంత మాత్రం బడి చేసిన పని. టీచరు తలుపు దాకా నడుస్తూ, కిటికీ తెరుస్తూ ఆ రూపాన్నే నెలల తరబడి వల్లె వేయిస్తే పిల్లవాడు దాన్నే అన్నిచోట్లా వాడతాడు. వాడు చక్కగానే అనుకరించాడు. వాడి ముందు పెట్టిన నమూనా ఇంగ్లీషులో ఉన్న పాళ్లలో లేదు. ఏది చూసి రాయాలో ఎంచి పెట్టడం కూడా గురువు పనే.

ఎర్ర సిరా పనికొస్తుందా?

మన టీచర్లకు ఈ ప్రశ్న మీద ఆసక్తి ఉంటుంది. 1996లో జాన్ ట్రస్కాట్ అనే పరిశోధకుడు, పరభాషలో రాసే విద్యార్థుల వ్యాకరణ తప్పులు దిద్దడం వల్ల ప్రయోజనం లేదని, హాని కూడా ఉందని, దాన్ని మానేయమని రాశాడు. 1999లో డేనా ఫెరిస్ దానికి జవాబిచ్చింది. అన్ని దిద్దుబాట్లూ ఒకటి కావని, ఎంపిక చేసి, స్పష్టంగా, విద్యార్థి తిరిగి రాసేలా చేసే దిద్దుబాటు వేరని ఆమె వాదన. ఆ చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

నా పనిలో భాగంగా కొత్తగా చేరిన ఇంజనీర్ల సైట్ రిపోర్టులు ఏళ్ల తరబడి చదివాను. నా అనుభవం ఫెరిస్ వైపు మొగ్గుతుంది. పేజీ నిండా గీతలు గీసి తిరిగి ఇస్తే ఎవరూ ఏమీ నేర్చుకోరు. బీమును తనిఖీ చేశారు అని ఉంటే, ఎవరు చేశారు, ఏ రోజున చేశారు అని మార్జిన్లో అడిగితే ఆ వాక్యం మారుతుంది. తర్వాతి రిపోర్టులో అడగకుండానే ఆ రెండు వివరాలు వస్తాయి. తెలుగువాళ్లకు ఇంగ్లీషులో ‘ఎ’, ‘ది’ ఎప్పటికీ తలనొప్పే, ఎందుకంటే మన భాషలో వాటికి సరితూగే మాటలు లేవు. ‘ఒక’, ‘ఆ’ అనేవి కొంత దూరం వస్తాయి, తర్వాత వదిలేస్తాయి. అవన్నీ ఒకే రోజు దిద్దాలంటే కుదరదు. ఈ వారం ఇవి, వచ్చే వారం అవి అని పెట్టుకుంటే కుదురుతుంది.

చూసి సరిచేసే మనిషి దగ్గర లేనప్పుడు ఏం చేయాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో చెప్పాడు. అతనికి ఇంగ్లీషు మాతృభాషే. అయినా కుర్రవాడిగా ఉన్నప్పుడు అతని ఉత్తరాలు చూసి తండ్రి, స్పెల్లింగు బాగుంది గాని పొందిక, స్పష్టత చాలవని ఉదాహరణలతో చూపించాడు. కుర్రవాడు లండన్ నుంచి వచ్చే ‘స్పెక్టేటర్’ వ్యాసాల సంపుటం ఒకటి సంపాదించాడు. ఒక వ్యాసం చదివి, ఒక్కో వాక్యానికి చిన్న గుర్తు రాసుకుని, కొన్ని రోజులు పక్కన పెట్టేవాడు. తర్వాత పుస్తకం చూడకుండా ఆ గుర్తులతో వ్యాసం మొత్తం తన మాటల్లో మళ్లీ రాసి, అసలుతో పోల్చి తన లోపాలు తానే దిద్దుకునేవాడు. కొన్నిసార్లు ఆ గుర్తులు కలగాపులగం చేసి, ఏ వరసలో పెట్టాలో తేల్చుకునేవాడు. తండ్రి దిద్దుబాటుతో మొదలై, అనుకరణ గుండా సాగి, చివరికి తన రాతను తానే దిద్దుకోగల స్థితికి చేరాడు. ఈ పద్ధతికి ఒక మంచి పుస్తకం, ఒక నోటుబుక్కు, ఓపిక ఉంటే చాలు. ఏ కాలనీలోనైనా చేయవచ్చు.

మనం చేయగలిగింది

ఇప్పుడు పరిస్థితి చూద్దాం. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. అంటే ఇంట్లో ఇంగ్లీషు అక్షరం లేని పిల్లలు కూడా సైన్సు, సాంఘిక శాస్త్రం ఇంగ్లీషులో రాయాలి. చూసి రాయడానికి వాళ్లకు కొదవ లేదు. గైడ్లు ఉన్నాయి, ఫోను ఉంది. ఫోనులో అడిగితే తప్పులేని పేజీ క్షణంలో వస్తుంది. దాన్ని నోటుబుక్కులోకి ఎక్కిస్తే పని అయిపోతుంది. అది చూచిరాత కూడా కాదు. ఎందుకంటే చూచిరాతలో అక్షరం మీదైనా దృష్టి ఉంటుంది.

వాళ్లకు లేనిది రెండో సగం. నిండిన తరగతి, వందల నోటుబుక్కులు ఉన్న టీచరు ప్రతి పేజీ చదివి, ప్రశ్న వేసి, తిరిగి రాయించుకోవడం మానవసాధ్యం కాదు. ఇందులో టీచర్ల తప్పు లేదు. నోటుబుక్కు చివర ‘సీన్’ అని సంతకం పడుతుంది, పరీక్షలో మార్కు పడుతుంది. మార్కు తీర్పు. దిద్దుబాటు కాదు. లక్ష్మయ్యకు వచ్చిన జవాబు లాంటిదే మన పిల్లలకూ ఏడాదికి రెండు మూడుసార్లు వస్తున్నది.

మన సంఘంలో ఎందరో ఉన్నారు. జీవితమంతా డ్రాఫ్టులు రాసి, దిద్దించుకుని, తర్వాత ఇతరులవి దిద్దిన రైల్వే ఉద్యోగులు, బ్యాంకు మేనేజర్లు, ఇంజనీర్లు, లాయర్లు, రిటైరైన టీచర్లు. విదేశాల్లో ఉన్నవాళ్లూ ఉన్నారు. స్వర్ణోత్సవం సందర్భంగా గదులకు రంగులు, కంప్యూటర్లు, బెంచీలు ఇవ్వాలన్న ఆలోచనలు మంచివే. వాటితోపాటు ఒక చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. మనలో ఇష్టమున్న ప్రతి ఒక్కరూ బడిలో ఒక విద్యార్థి రాసిన పేజీని వారానికి ఒకటి చొప్పున ఏడాదిపాటు చదవాలి. పేజీ ఫొటో తీసి పంపితే ఎక్కడున్నా చదవవచ్చు. ఏ విద్యార్థి ఎవరికి అన్నది టీచర్లే నిర్ణయించాలి, పేజీలు వాళ్ల ద్వారానే వెళ్లి రావాలి.

నియమాలు మూడు చాలు. మొదట పిల్ల ఏం చెప్పిందో దానికి ఒక వాక్యం జవాబు రాయాలి, తప్పుల సంగతి తర్వాత. రెండోది, ఒక పేజీలో ఒక రకం తప్పును మాత్రమే గుర్తు పెట్టాలి. మూడోది, ఆ పేజీ తిరిగి రాసి వచ్చాకే కొత్త పేజీ తీసుకోవాలి. మార్కులు వేయకూడదు. విషయం కూడా వాళ్లదే అయి ఉండాలి. మెట్రో స్టేషను కింద పండ్ల బండి, వర్క్‌షాపు సైరను, అమ్మమ్మ ఊరి బోనాలు, ఏదైనా సరే. ఫోను రాసిపెట్టలేనిది అదే, గాస్ అడిగిందీ అదే.

యాభై మంది ముందుకొస్తే యాభై మంది పిల్లలకు ఏడాదిలో తలా నలభై పేజీలు దిద్దించుకునే అవకాశం దొరుకుతుంది. మన పేటలో పాత తరం ఆఫీసులో చేరాక గాని దొరకని చదువు అది. ఇష్టమున్నవారు స్వర్ణోత్సవం రోజున కమిటీ బల్ల దగ్గర పేరు ఇవ్వండి. మొదటి పేరు నాది రాయించాను.